పైపు పనివారికి సంఘమేది? చేజారుతున్న హక్కుల లెక్క

కేంద్ర ప్రభుత్వం నాలుగు కార్మిక కోడ్‌లను 2025 నవంబరు 21 నుంచి అమలులోకి తెచ్చింది. పాతవి 29 చట్టాలు వాటిలో కలిసిపోయాయి. ఢిల్లీలో, విజయవాడలో కార్మిక సంఘాలు ధర్నాలు చేశాయి, ప్రభుత్వం ప్రకటనలు ఇచ్చింది, పత్రికలు రెండు రోజులు రాసి ఊరుకున్నాయి. దువ్వూరు, చాగలమర్రి, మైదుకూరు, ప్రొద్దుటూరు ప్రాంతాలలో పైపులు బిగించే మన పిల్లలకు మాత్రం ఈ వార్త చేరినట్టు లేదు. చేరినా, అది తమ గురించిన వార్త అని వారు అనుకోలేదు. ఈ వ్యాసం వారి కోసం, వారి తల్లిదండ్రుల కోసం.

మన ప్రాంతంలో ఈ పని తక్కువేమీ కాదు. దువ్వూరు కర్నూలు-కడప కాలువ ఆయకట్టు ఊరు. వరి, పసుపు పండే నేల. కాలువ నీరు అందని చోట బోరు, బోరు ఉన్న చోట మోటారు, మోటారు నుంచి పొలానికి పైపు. ప్రొద్దుటూరులో లేచే ప్రతి మూడంతస్తుల మేడకూ నీళ్ల పైపు, మురుగు పైపు కావాలి. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. కలమల్ల వద్ద 1994లో విద్యుదుత్పత్తి ఆరంభించిన రాయలసీమ థర్మల్‌ కేంద్రం మైలవరం జలాశయం నుంచి నీరు తెచ్చుకుంటుంది; దాని బాయిలరులో ఉన్నదంతా పైపులే. పులివెందుల వైపు తుమ్మలపల్లెలో 2012 నుంచి యురేనియం శుద్ధి కర్మాగారం నడుస్తున్నది. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్‌ జీవన్‌ మిషన్‌తో పల్లెల్లో ఇంటింటికీ కొళాయి పని వచ్చింది. ఇక జమ్మలమడుగు ఉక్కు ఫ్యాక్టరీ సంగతి. 2007లో ఒక పునాది రాయి, 2018లో ఒకటి, 2019లో ఒకటి, 2023లో ఇంకొకటి పడ్డాయి. ఆ రాళ్లన్నీ పోగేస్తే ఒక గది గోడ లేస్తుందేమో గానీ, వాటిని నమ్ముకుని ఐటీఐలో ఫిట్టరు కోర్సు చదివిన పిల్లలు ఎందరో కువైటు దారి పట్టారు.

ఈ పనుల్లో మన ముస్లిం యువకులు, దూదేకుల సోదరులు గణనీయంగా ఉన్నారు. కారణం అందరికీ తెలిసినదే. భూమి లేదు, పై చదువుకు స్తోమత లేదు. పదో తరగతి దగ్గర ఆగిన పిల్లవాడిని తండ్రి ఒక ఉస్తాదు దగ్గర చేరుస్తాడు. మొదట పానాలు అందించడం, తర్వాత పైపు కొలవడం, మరలు కోయడం, ఆ తర్వాత వెల్డింగు. నాలుగైదేళ్లకు అతడే ఉస్తాదు. చేతికి పని వస్తుంది, గౌరవం వస్తుంది. రానిది ఒక్కటే: తాను చేసిన పని దినాల లెక్క ఎక్కడా కాగితం మీద ఉండదు.

ఈ లెక్క విలువ ఏమిటో తెలియాలంటే ఒకసారి అమెరికా వైపు చూడాలి. అక్కడ ప్లంబర్లు, పైపు ఫిట్టర్ల జాతీయ యూనియను 1889లో ఏర్పడింది. నేడు మూడున్నర లక్షలకు పైగా సభ్యులున్నారు. ఊరి పేరుతోనో ప్రాంతం పేరుతోనో కాక, ఒక్కో శాఖకు ఒక్కో నంబరు ఉంటుంది. దాన్ని లోకల్‌ అంటారు. అందులో చేరినవాడు ఐదేళ్లు శిక్షణలో ఉంటాడు. పగలు జీతానికి పని, వారంలో కొన్ని గంటలు తరగతి. మన ఉస్తాద్‌-షాగిర్ద్‌ పద్ధతే, కాకపోతే అక్కడ షాగిర్దుకు కూలి ఎంత, ఏటేటా ఎంత పెరగాలి అన్నది ముందే రాసి ఉంటుంది.

నాకు అంతకంటె ఆసక్తి కలిగించినది వారి ప్రయోజనాల పద్ధతి. పైపు ఫిట్టరు ఒక గుత్తేదారు దగ్గర రెండు నెలలు, ఇంకొకరి దగ్గర నాలుగు నెలలు చేస్తాడు. ఒకే యజమాని దగ్గర ముప్పయ్యేళ్లు ఉండే గుమాస్తా కాడు. అటువంటివాడికి పింఛను ఎలా? వారు కనిపెట్టిన దారి ఇది: పని చేసిన ప్రతి గంటకూ ఇంత అని, ఏ గుత్తేదారు అయినా సరే, వైద్యనిధికి కొంత, పింఛను నిధికి కొంత జమ చేయాలి. ఆ నిధిని యూనియను నాయకులు తమ చేతుల్లో ఉంచుకోవడానికి వీల్లేదు. 1947లో వచ్చిన చట్టం ప్రకారం యజమానుల తరఫున సగం మంది, కార్మికుల తరఫున సగం మంది ధర్మకర్తలుగా ఉండాలి. యజమాని మారినా ఖాతా మారదు. భార్యాబిడ్డల ఆసుపత్రి ఖర్చు ఆ నిధి నుంచే. పని లేని రోజుల్లో యూనియను కార్యాలయంలో పేరు రాయించుకుంటే, వంతు వచ్చినప్పుడు పనికి పంపుతారు.

అంతా బంగారమే అని చెప్పడం లేదు. ఈ భవన నిర్మాణ యూనియన్లు చాలాకాలం నల్లజాతి వారిని లోపలికి రానివ్వలేదు. తండ్రి సభ్యుడైతే కొడుక్కు చోటు, తెలిసినవాడి సిఫారసు ఉంటే శిక్షణ. చివరికి 1969లో అమెరికా ప్రభుత్వం ఫిలడెల్ఫియా నగరంలో ప్రత్యేక ప్రణాళిక తెచ్చి, సర్కారు పనులు కావాలంటే పైపు ఫిట్టర్లతో సహా కొన్ని వృత్తులలో నల్లవారిని చేర్చుకోవడానికి గుత్తేదారులు లక్ష్యాలు పెట్టుకోవాలని చెప్పవలసి వచ్చింది. సంఘం అన్నది లోపలివారికి గొడుగు, బయటివారికి గోడ కూడా కాగలదు. మన దగ్గర సంఘం పెట్టేవారు, అది ఏ వర్గం వారిదైనా, ఇది గుర్తుంచుకోవాలి. పైపు పనిలో మన పక్కన పని చేసేవాడు మాల, మాదిగ సోదరుడు కావచ్చు, బోయ సోదరుడు కావచ్చు, ఒడిశా నుంచి వచ్చినవాడూ కావచ్చు. ఒడిశా ప్రస్తావన ఊరికే రాలేదు. ఆ రాష్ట్రంలోని కేంద్రపడా జిల్లా నుంచి దేశమంతటికీ ప్లంబర్లు వెళతారు. అక్కడి పట్టాముండాయిలో ప్లంబింగు విద్యకే ఒక సర్కారు సంస్థ ఉంది. ఒక జిల్లా తన వృత్తిని తానే గుర్తించుకుంటే ఏమవుతుందో అది చూపిస్తుంది. మన కడప జిల్లాకు అంత ఆలోచన రాలేదు.

ఇక మన చట్టానికి వద్దాం. భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. దాని వెంటనే సెస్సు చట్టం. నిర్మాణం ఖర్చులో నూటికి ఒక రూపాయి చొప్పున కట్టించేవాడి దగ్గర వసూలు చేసి, రాష్ట్ర సంక్షేమ బోర్డులో జమ చేస్తారు. చాలామంది ఈ చట్టం తాపీ మేస్త్రీలకు, ఇటుకలు మోసే కూలీలకు మాత్రమే అనుకుంటారు. అది పొరపాటు. నిర్మాణ పని అంటే ఏమిటో చెప్పే చోటనే నీటి సరఫరా పనులు, చమురు-వాయు ఏర్పాట్లు, పైపులైన్లు అని స్పష్టంగా ఉంది. కొత్త సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ మాట అలాగే నిలిచింది. వయసు 18 నుంచి 60 మధ్య ఉండి, గడచిన 12 నెలల్లో 90 రోజులు ఈ పని చేసినవాడు పేరు నమోదు చేయించుకోవచ్చు.

నమోదైతే వచ్చేవేమిటి? ప్రమాదం జరిగితే తక్షణ సహాయం, అరవై దాటితే పింఛను, పెద్ద జబ్బుకు వైద్య ఖర్చు, పిల్లల చదువుకు సాయం, కాన్పు సాయం, ఇంటి రుణం - ఇవన్నీ 1996 చట్టంలోనే బోర్డు విధులుగా రాసి ఉన్నాయి. ఎంతెంత అన్నది రాష్ట్రాన్ని బట్టి, ప్రభుత్వాన్ని బట్టి మారుతూ వచ్చింది.

డబ్బు లేదా అంటే, ఉంది. 2018 మార్చి 19న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదివితే గుండె బరువెక్కుతుంది. దేశం మొత్తం మీద అప్పటికి వసూలైన సెస్సు 37,400 కోట్ల రూపాయలకు పైగా. కార్మికుల పేరిట ఖర్చయినది సుమారు 9,500 కోట్లు. ఖర్చయిన దానిలోనూ ల్యాప్‌టాప్‌లు, వాషింగ్‌ మెషీన్లు కొన్నారని లెక్కలు చూసే కాగ్‌ అంతకు ముందే కోర్టుకు తెలిపింది. ఇటుకలు మోసే ఆడకూలికి వాషింగ్‌ మెషీను! కరెంటు ఎక్కడ, కొళాయి ఎక్కడ, ఆమె ఇల్లు ఎక్కడ?

2020 మార్చిలో లాక్‌డౌన్‌ వచ్చినప్పుడు ఈ నిధి విలువ తెలిసివచ్చింది. మార్చి 24న కేంద్ర కార్మిక శాఖ రాష్ట్రాలకు ఒక సూచన పంపింది: నిధిలో సుమారు 52,000 కోట్లు ఉన్నాయి, నమోదైనవారు సుమారు 3.5 కోట్ల మంది ఉన్నారు, వారి ఖాతాలలో నేరుగా డబ్బు వేయండి అని. పేరు నమోదైనవాడికి ఆశ అయినా మిగిలింది. నమోదు కానివాడు, ఎంత పెద్ద పనిమంతుడైనా, ఆ లెక్కలో మనిషే కాడు.

మన రాష్ట్రంలో మరో తిరకాసు వచ్చింది. వైయస్సార్‌ కాంగ్రెస్‌ ప్రభుత్వ కాలంలో 1214 నంబరు మెమోతో బోర్డు పథకాలను నిలిపివేశారు. నవరత్నాల పేరిట అందరికీ ఇస్తున్నాం గదా, కార్మికులకు వేరేగా ఎందుకు అన్నది అప్పటి వాదన. భవన నిర్మాణ కార్మిక సంఘాలు ఆ మెమో రద్దు చేయాలని ఊరూరా ధర్నాలు చేశాయి. ఆ వాదన ఎందుకు తప్పో ఒక్క మాటలో చెప్పవచ్చు. నవరత్నాలు ఖజానా సొమ్ము, అందరికీ ఇవ్వవచ్చు, ఆపవచ్చు. సెస్సు అలా కాదు. అది కార్మికుడి పేరు చెప్పి, కార్మికుడి కోసమని వసూలు చేసిన అమానతు. అమానతును తీసి మరో చేతితో ఖైరాతు చేస్తే అది దాతృత్వం అనిపించుకోదు.

ఈ ఖైరాతు అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. మన మొహల్లాలలో జరిగేదేమిటి? మూడో అంతస్తు నుంచి పడి ఒక ఫిట్టరు మరణిస్తాడు. జనాజా నమాజు అవుతుంది. తరువాతి శుక్రవారం మస్జిదు గుమ్మం ముందు తువ్వాలు పరుస్తారు. పది, ఇరవై, యాభై, వంద. ఎవరి శక్తి కొద్దీ వారు వేస్తారు. అల్లా వారికి మేలు చేయుగాక, ఆ దయను నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ తువ్వాలులో పడే కొద్ది వేలతో ఆ వితంతువు ఎన్నాళ్లు బతుకుతుంది? ఆమెకు చట్టప్రకారం రావలసిన లక్షల గురించి అడిగేవాడు ఆ గుమ్మం దగ్గర ఒక్కడూ ఉండడు. హక్కుగా రావలసినది ఒకటి ఉండగా ఆమె ఇద్దత్‌ పూర్తికాక ముందే ఇంటి మగవాళ్లు చందా పుస్తకంతో తిరగడం నాకు బాధాకరంగా తోస్తుంది.

లక్షలు అన్నాను గదా, ఆ లెక్క కూడా చెప్పాలి. పని చేస్తూ ప్రమాదంలో మరణించిన కార్మికుడికి పరిహారం ఇవ్వాలన్న చట్టం మనకు 1923 నుంచీ ఉంది. ఇప్పుడది సామాజిక భద్రతా కోడ్‌లో చేరింది, పద్ధతి మాత్రం మారలేదు: నెల వేతనంలో సగాన్ని వయసుకు తగిన గుణకంతో హెచ్చించాలి. పాత చట్టం కింద 2020 నుంచి వేతన పరిమితి నెలకు 15,000 రూపాయలు. ముప్పై ఏళ్లవాడికి గుణకం 207.98. అంటే 7,500ను దానితో హెచ్చిస్తే 15,59,850 రూపాయలు. నలభై ఏళ్లవాడికి గుణకం 184.17, పదమూడు లక్షల ఎనభై వేలు దాటుతుంది. ఇది ప్రభుత్వం దయ కాదు, బోర్డు సాయమూ కాదు, వాటితో సంబంధం లేకుండా యజమాని ఇచ్చి తీరవలసిన సొమ్ము. పనివాడి తప్పు వల్లనే ప్రమాదం జరిగిందని వాదించి, మరణం విషయంలో యజమాని తప్పించుకోవడానికి వీల్లేదు.

గుత్తేదారు చేతులెత్తేస్తే? ఫ్యాక్టరీ తన వ్యాపారంలో భాగమైన పనిని గుత్తకు ఇచ్చి ఉంటే, ముందు ఫ్యాక్టరీ యాజమాన్యమే చెల్లించాలి, తర్వాత గుత్తేదారు దగ్గర వసూలు చేసుకోవాలి. సొంత ఇంటికి ప్లంబరును పిలిపించుకున్న గృహస్థు విషయం వేరు, అతడికి ఈ నియమం అలా వర్తించదు. అందుకే ఇళ్ల పని చేసేవారికి బోర్డు నమోదు మరీ ముఖ్యం.

అయితే ఇన్ని లక్షల లెక్కలో ఎందరికి ముడుతున్నది? సాధారణంగా జరిగేది ఇది: గుత్తేదారు మనిషి వస్తాడు, పెద్దమనుషుల్లో కూర్చుంటాడు, రెండు మూడు లక్షలు చేతిలో పెట్టి తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటాడు. మనవాళ్లే పక్కన ఉండి, దొరికినంత తీసుకోమ్మా అని నచ్చజెబుతారు. చనిపోయిన కేసులలో పరిహారం కార్మిక శాఖ అధికారి ముందు జమ కావాలి తప్ప చేతికి చేయి ఇస్తే చెల్లదని చట్టం చెబుతున్నా, ఆ సంగతి పెద్దమనుషులకు తెలియదు. తెలిసిన ఒకరిద్దరు చెప్పరు.

సంఘం ఉండవలసిన చోటు ఇదే. వేతనం పెంచమని జెండా పట్టడం ఒక్కటే సంఘం పని కాదు. ప్రమాదం జరిగిన రోజు అక్కడికి వెళ్లి, ఫలానా గుత్తేదారు దగ్గర ఫలానా రోజు నుంచి పని చేస్తున్నాడు అని రాతపూర్వకంగా సాక్ష్యం నిలబెట్టడం దాని పని. పైపు పనిలో రెండు పైపులను కలిపి, అవసరమైతే పైపు కోయకుండానే విప్పగలిగే ముక్కను కూడా యూనియను అనే అంటారు, ఇరవై ఏళ్లుగా ఆ యూనియన్లు బిగిస్తున్న ఒక ఫిట్టరును నువ్వు ఏ యూనియనులో ఉన్నావు నాయనా అని అడిగితే, "అరంగుళందా, ముప్పావుదా హజ్రత్‌?" అని నన్నే ఎదురు ప్రశ్నించాడు.

కొత్త కోడ్‌లు వచ్చాక సంఘం అవసరం పెరిగిందే తప్ప తగ్గలేదు. రెండు మార్పులు మాత్రం చెబుతాను. ఒకటి, గుత్త కార్మికుల నిబంధనలు పూర్వం ఇరవై మందిని పెట్టుకున్న గుత్తేదారుకు వర్తించేవి, ఇప్పుడు యాభై మంది ఉంటేనే. మన ప్రాంతంలో పైపు పని గుత్తేదారు దగ్గర సాధారణంగా పదిహేను, ఇరవై, ముప్పై మంది ఉంటారు. వారంతా ఇప్పుడు ఆ గొడుగు బయటనే ఉన్నారు. రెండవది, సొంత నివాసం కట్టుకుంటే పది లక్షల ఖర్చు వరకూ సెస్సు లేకుండా ఉండేది. కోడ్‌లో ఆ హద్దు యాభై లక్షలకు పెరిగింది. ఇల్లు కట్టుకునే మధ్యతరగతి వారికి ఇది ఊరటే, కాదనను. కానీ దువ్వూరు వంటి ఊళ్లలో కట్టే ఇళ్లలో యాభై లక్షలు దాటేవి ఎన్ని? నిధికి వచ్చేది తగ్గుతుంది, అటువంటి ఇళ్లలో చేసిన రోజులు 90 రోజుల లెక్కలోకి రావని రేపు ఏ అధికారి అయినా వాదించవచ్చు. ఇల్లు చిన్నదైతే నిచ్చెన మీద నుంచి పడేవాడి ఎముక చిన్నది కాదు.

ఇక్కడ మన కుటుంబాలలో ఉన్న ఒక సంకోచం గురించి మాట్లాడవలసి ఉంది. బీమా, పింఛను అనగానే వడ్డీ సొమ్మేమో, జూదం వంటిదేమో అని దీన్‌దార్‌ కుటుంబాలు వెనుకడుగు వేస్తాయి. ఆ జాగ్రత్తను నేను గౌరవిస్తాను. 1985లో జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్‌ అకాడమీ వాణిజ్య బీమాను కాదన్నది, పరస్పర సహకారం మీద నడిచే బీమాను ఒప్పుకున్నది. ఉలమాలలో ఇతర అభిప్రాయాలూ ఉన్నాయి. ఫత్వా చెప్పడం ఈ పేజీ పని కాదు, నా పనీ కాదు. కానీ విషయాలను కలగాపులగం చేయకూడదు. యజమాని చెల్లించే ప్రమాద పరిహారం బీమా కాదు, ప్రాణనష్టానికి, అంగవైకల్యానికి కట్టే మూల్యం. దియత్‌ అన్న మాట తెలిసిన మనకు ఆ భావం కొత్త కాదు. సెస్సు నిధి నుంచి వచ్చే సాయం పనివాడు పందెం కాసి గెలిచినది కాదు, కట్టించినవాడి మీద చట్టం వేసిన భారం. ఏటా ఇరవై రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా ఇచ్చే సురక్షా బీమా యోజన వంటి వాటి మీద ఎవరికైనా సందేహం ఉంటే తమకు నమ్మకమైన ఆలిమ్‌ను అడగవచ్చు. ఆ సందేహాన్ని సాకుగా తీసుకుని బోర్డు నమోదును కూడా మానేయడం మాత్రం తెలివైన పని కాదు.

గల్ఫు సంగతి చెప్పకుండా కడప జిల్లా పైపు ఫిట్టరు కథ పూర్తికాదు. పాస్‌పోర్టు మీద పైపు ఫిట్టరు వీసా కొట్టించుకుని కువైటు, సౌదీ, ఖతర్‌ వెళ్లినవారు మన ఊళ్లలో ప్రతి వీధిలో ఉన్నారు. 1990 ఆగస్టులో ఇరాక్‌ కువైటును ఆక్రమించినప్పుడు లక్షా డెబ్భై వేల మంది భారతీయులను విమానాల్లో తెచ్చారు. అంతటి దెబ్బ తిన్నా, యుద్ధం ముగియగానే మళ్లీ వెళ్లారు. ఇల్లు నడవాలి గదా.

ఆ దేశాలలో సంఘాల పరిస్థితి ఒకే తీరుగా లేదు. సౌదీలో, ఎమిరేట్స్‌లో యూనియన్లకు అనుమతి లేదు. బహ్రెయిన్‌ 2002లో చట్టం చేసి అనుమతించింది, వలస కార్మికులు కూడా చేరవచ్చు. కువైటులో యూనియన్లు పాతవే, వాటిలో బయటివారికి ఉన్న చోటు బహు స్వల్పం. ఖతర్‌ 2020లో, ప్రపంచకప్‌ ఫుట్‌బాల్‌ ముందు ప్రపంచం నలుమూలల నుంచీ విమర్శలు వచ్చిన మీదట, యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారవచ్చన్నది. 2021 మార్చి నుంచి నెలకు వెయ్యి రియాళ్ల కనీస వేతనం పెట్టింది. అది కూడా అంతర్జాతీయ నిర్మాణ కార్మిక సంఘాల సమాఖ్య వంటివి ఏళ్ల తరబడి వెంటపడితే వచ్చినదే.

సంఘం లేకపోతే నష్టమేమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. కువైటు ప్రైవేటు రంగ కార్మిక చట్టం 2010 నాటిది. నెలజీతం మీద పని చేసినవాడు తిరిగి వచ్చేటప్పుడు, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 15 రోజుల చొప్పున, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల చొప్పున వేతనం ఇవ్వాలి. ఎనిమిదేళ్లు చేసినవాడికి 75 రోజుల వేతనం, దాని మీద మూడు నెలల వేతనం. తనంతట తానే మానుకుంటే, ఐదు నుంచి పదేళ్ల మధ్య సర్వీసుకు అందులో మూడింట రెండు వంతులు. పదేళ్లు నిండితే పూర్తిగా. సౌదీలోనూ ఐదేళ్ల వరకు అర నెల, తర్వాత నెల అన్న పద్ధతే. మనవాళ్లలో చాలామందికి ఈ లెక్క తెలియదు. విమానం టికెట్టు, రెండు నెలల జీతం ఇచ్చి సంతకం పెట్టమంటే, అరబీలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టి వస్తారు. "నాకు రావలసినదంతా ముట్టింది, ఇక ఏ దావా లేదు" అన్నదే ఆ కాగితం సారాంశం.

అటువంటి కాగితాలు నా దగ్గరికి వస్తుంటాయి. మదర్సాలో చదివినవాడు గదా, అరబీ వస్తుందని. వ్యాకరణ గ్రంథాల అరబీ వేరు, కంపెనీ గుమాస్తా రాసే అరబీ వేరు. అయినా విషయం బోధపడుతుంది. విచారకరమేమంటే అవి నా దగ్గరికి సంతకం అయిన తర్వాతనే వస్తాయి. మస్జిదు పక్కనే అరబీ చదవగలిగిన ఇమామ్‌ సాబు ఉంటాడు, వెళ్లే ముందు ఒప్పందం ఒకసారి ఆయనకు చూపిద్దామన్న ఆలోచన ఎవరికీ రాదు. వీసా వచ్చిన సంతోషంలో దావత్‌కు మాత్రం పిలుస్తారు.

2024 జూన్‌ 12న కువైటులోని మంగఫ్‌లో కార్మికులు నివసించే భవనం తగలబడి కనీసం 45 మంది భారతీయులు మరణించారు. వారిలో ఆంధ్రప్రదేశ్‌ వారు ముగ్గురు. నిర్మాణ రంగంలో పని చేసేవారు, తెల్లవారుజామున నిద్రలో ఉన్నవారు. అటువంటి వార్త వచ్చిన రోజు అందరం కన్నీరు పెడతాం. ఈసీఆర్‌ పాస్‌పోర్టుతో వెళ్లేవారికి తప్పనిసరైన ప్రవాసీ భారతీయ బీమా ఉంది. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు, దాని మీద పన్ను. ప్రమాద మరణానికి పది లక్షలు. విజిటింగు వీసా మీద పంపించి అక్కడ మార్పిస్తామని చెప్పే ఏజెంటు చేతిలో పడినవాడికి ఇది ఉండదు. మొదటిసారి కట్టి, గడువు తీరాక కొనసాగించనివారికీ ఉండదు. ఈ పత్రం నకలు భార్య దగ్గరో తల్లి దగ్గరో లేకపోతే, ఉండీ లేనట్టే.

మరి ఏమి చేయాలి? చట్టం అడిగేది మనం అనుకున్నంత పెద్దదేమీ కాదు. యూనియను నమోదుకు దరఖాస్తు ఏడుగురు చేయవచ్చు. 1926 చట్టం నుంచి నేటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌ దాకా ఆ ఏడు సంఖ్య నిలిచే ఉంది. సభ్యులు మాత్రం ఆ రంగంలో నూటికి పదిమందైనా, లేదా వంద మందైనా, ఏది తక్కువైతే అంత ఉండాలి. దువ్వూరు, మైదుకూరు, ప్రొద్దుటూరు ఫిట్టర్లు, బోరు మెకానిక్కులు, వెల్డర్లు కలిస్తే వంద మంది దొరకరా? వేరే సంఘం వద్దనుకుంటే ఇప్పటికే ఉన్న భవన నిర్మాణ కార్మిక సంఘాలలో పైపు పనివారి విభాగంగా చేరవచ్చు. జెండా ఎర్రదా, మూడు రంగులదా, కాషాయమా అని ముందే తగవు పడితే పని మొదలుకాదు. 90 రోజుల ధ్రువపత్రం రాసిచ్చేవారు ఎవరు, క్లెయిము కాగితం వెంట కార్మిక శాఖ కార్యాలయానికి నాలుగుసార్లు తిరిగేవారు ఎవరు అన్నదే చూడాలి. చాలా రాష్ట్రాలలో నమోదైన యూనియను ఇచ్చిన ధ్రువపత్రమూ చెల్లుతున్నది.

చందా ఏటా కడుతూ ఉండాలి. 1996 చట్టంలోనే ఒక నిబంధన ఉంది: వరుసగా ఏడాది పాటు చందా కట్టకపోతే సభ్యత్వం పోతుంది. నమోదు చేయించుకుని కార్డు ట్రంకు పెట్టెలో దాచి, ఐదేళ్ల తర్వాత ప్రమాదం జరిగితే తీసి చూపేవారు ఎక్కువ. ఆ కార్డు అప్పటికి ఉత్త అట్టముక్క.

ఇంట్లో ఆడవారికి ఒక మాట. ఈ కాగితాలు మగవారి జేబులో ఉండేవి కావు. కార్డు నకలు, ఆధారు, బ్యాంకు పుస్తకం, గుత్తేదారు పేరు, అతని ఫోను నంబరు, పని ఏ ఊరిలో అన్నది ఒక నోటుబుక్కులో మీరే రాసి ఉంచండి. పని మారినప్పుడల్లా కొత్త వరుస రాయండి. రోజు కూలి ఎంత, ఎన్ని రోజులు చేశాడు అన్నదీ రాయండి. కార్మిక శాఖ అధికారి ముందు ఆ నోటుబుక్కు కూడా ఒక సాక్ష్యమే. నామినీగా తండ్రి పేరు ఉండి, పెళ్లి తర్వాత మార్చని కార్డులు చాలా ఉంటాయి. ఇంట్లో ఉన్న కార్డు మీద ఎవరి పేరు ఉందో ఈరోజే తీసి చూడండి.